కొచ్చి ఓడకు కొల్లేటి మీదుగా

గూడెంలో మూడు దారులు

లక్షద్వీపాలకు వెళ్ళే ఓడ గురువారం మధ్యాహ్నం కొచ్చిలో బయలుదేరుతుంది. పదకొండు గంటల్లోపు రేవులో లేనివాళ్ళని ఎక్కించుకోరని మాకు పంపిన కాగితంలో అచ్చేసి ఉంది. ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసుకున్నాను. ఇరవై ఏడేళ్ళుగా పిల్లల పేపర్లు దిద్దుతున్న చెయ్యి కదా, భయం వేసిన చోటల్లా గీత గీస్తుంది.

నేను తాడేపల్లిగూడెంలో ఒక మిషన్ స్కూల్లో లెక్కలు చెబుతాను. నాతో రావలసిన మనిషి నాగరత్నం. ఏలూరు బాలికల హాస్టల్లో ఐదేళ్ళు మా పెట్టెలు పక్కపక్కనే ఉండేవి. నేను ప్రార్థన చేసుకుని పడుకుంటే తను వాళ్ళ కొల్లేటి అమ్మవారు పెద్దింట్లమ్మకి దణ్ణం పెట్టుకుని పడుకునేది. కొల్లేటి పిల్ల, కొల్లేటి అంచున చేపల చెరువుల ఇంటికే కోడలయింది. పురుళ్ళకి తప్ప ఈ ముప్ఫై ఏళ్ళలో ఊరు దాటి ఒక రాత్రి ఎక్కడా పడుకోలేదు. ఎప్పుడు అడిగినా మొగుడు సాంబయ్య "వచ్చే ఏడు వెళ్దువుగానిలే" అనేవాడు. ప్రతి ఏడూ చేప పట్టే రోజులో, చేపపిల్ల వదిలే రోజులో అడ్డం వచ్చేవి. యాభై నిండిన రోజున నాకు ఫోన్ చేసి, "ఎక్కడికైనా తీసుకెళ్ళవే సుగుణా. గట్లు లేని నీళ్ళు చూడాలి," అంది. అలా కుదిరింది ఈ ఓడ. సముద్రం పడని మా ఆయన సంతోషంగా తప్పుకున్నాడు.

ఓడ కుదిరాక అసలు తిప్పలు మొదలయ్యాయి. కొచ్చి దాకా ఎలా వెళ్ళాలి? మా స్టాఫ్ రూములో తలకొక దారి చెప్పారు. రాజమండ్రి విమానాశ్రయం మాకు దగ్గర. గన్నవరం దూరం, కానీ ఏలూరు దాటాక తిన్నని రోడ్డు. ఎక్కడెక్కినా శంషాబాదులో మారాలి, ఆ కొత్త విమానాశ్రయం అప్పటికి తెరిచి కొద్ది నెలలే. మూడోది రైలు. గూడెంలో ఎక్కితే ఎర్నాకుళంలో దిగడమే. సైన్సు మాస్టారు మాత్రం, "మన ఊళ్ళో రన్‌వే ఉండగా గన్నవరం ఎందుకండీ?" అని నవ్వారు. యుద్ధకాలంనాటి ఆ రన్‌వే మీద మా ఊరివాళ్ళు స్కూటర్లు నేర్చుకుంటారు.

నేను గన్నవరం అన్నాను. "నీకోసమే. నీకు ఏలూరు దగ్గర కదా," అని నాగరత్నానికి చెప్పాను. నిజం అది కాదు. గన్నవరం నుంచి మధ్యాహ్నం విమానం ఉంది, పట్టపగలు కిటికీలోంచి కిందికి చూడొచ్చు. నాకు విమానం ఎక్కాలని ఉంది. రైలైతే మారే పనే లేదని తెలిసీ ఆ మాట ఎత్తనివ్వలేదు.

టికెట్లు తీసిన ఏలూరు ఏజెంటు బుధవారం విమానం చాలన్నాడు. నేను మంగళవారమే కావాలన్నాను.

"ఒకరోజు ముందు వెళ్ళి ఏం చేస్తారండీ అక్కడ?"

"కూర్చుంటామండి. ఓడ ఎదురుగా కూర్చుంటాం," అన్నాను. ఆయన నవ్వి రాసిచ్చాడు.

భీమడోలులో టీ

శనివారం నుంచి వాన. నవంబరు వాయుగుండం. మంగళవారం విమానం రెండున్నరకైతే నేను ఆరింటికే కారెక్కాను. కారు నడిపే యేసుపాదం పెంటపాడు మనిషి, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. "ఇప్పుడే ఎందుకండీ టీచరుగారూ, గన్నవరంలో తాళాలైనా తియ్యరు," అన్నాడు. దారి పొడుగునా కోతకొచ్చిన వరి నేలకంటుకుని పడుంది. కొన్ని చేలల్లో రైతులు గొడుగులు వేసుకుని ఊరికే నిలబడి ఉన్నారు.

నాలుగు నిమిషాలకొకసారి చేతిసంచి తెరిచి టికెట్లు, ద్వీపాల అనుమతి పత్రాలు ఉన్నాయో లేదో చూసుకుంటున్నాను. భీమడోలులో యేసుపాదం టీ కోసం ఆపాడు. మూడు రూపాయల టీ, అల్లం దండిగా వేసింది. పట్టా కింద టీ కాచే ఆవిడ నా సూట్‌కేసు చూసి ఎక్కడికని అడిగింది. ఓడ సంగతి చెప్పాను.

"ఓడెక్కడానికి కారెక్కి, విమానం ఎక్కి వెళ్తారాండీ! మా చెల్లెలిది కైకలూరు. నిన్నట్నుంచీ బస్సు లేదంట. రోడ్డు మీదికి నీళ్ళొచ్చేశాయంట."

సగం తాగిన గ్లాసు కింద పెట్టేశాను. నాగరత్నం రావలసింది ఆ రోడ్డు మీదే.

ఏలూరు కొత్త బస్టాండు

తొమ్మిదింటికి బస్టాండులో కలవాలని అనుకున్నాం. ఎనిమిదింటికే వెళ్ళి నిలబడ్డాను. కైకలూరు బస్సులు ఆగే చోట రెండు కుక్కలు పడుకుని ఉన్నాయి. నాగరత్నానికి సొంత ఫోను లేదు, సాంబయ్య నంబరు మోగడం లేదు. తొమ్మిదయింది. తొమ్మిదిన్నరయింది. విచారణ కిటికీలో ఉద్యోగి ఎంతో మర్యాదగా, "ఈ పూటకి బస్సు ఉండకపోవచ్చండి. రేపు కూడా చెప్పలేమండి," అన్నాడు.

యేసుపాదం ఇడ్లీ పొట్లం తెచ్చి పెట్టాడు. తినలేకపోయాను. "ఏం చేద్దామండి మరి?" అన్నాడు. గన్నవరం వెళ్ళడానికి గంట పైన. కొల్లేటి వైపు నీళ్ళు అడ్డొచ్చిన చోటికి ముప్పావు గంట. ఎన్నిసార్లు లెక్కేసినా, నాగరత్నం తయారుగా ఉంటే వెళ్ళి తెచ్చేసి విమానం అందుకోవచ్చు.

"పోనివ్వండి, కొల్లేటి వైపే," అన్నాను.

రోడ్డు మునిగిన చోట

నీళ్ళ ముందు బళ్ళన్నీ బారుగా ఆగిపోయాయి. అక్కడి నుంచి రోడ్డు లేదు, రెండు వరసల అంచు రాళ్ళ తలలు మాత్రం కనిపిస్తున్నాయి. గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా రోడ్డుకి అడ్డం పడి కదులుతోంది. గూడబాతులు కొన్ని, రోడ్డు తమదే అన్నట్టు నడిమధ్యన కూర్చున్నాయి.

ట్రాక్టరు ఒకటి మనుషుల్ని అవతలికి చేరుస్తోంది, తలకి ఐదు రూపాయలు. సూట్‌కేసు కారులో వదిలి, చేతిసంచితో దాని వెనక తగిలించిన ట్రక్కులోకి ఎక్కాను. నాకు నీళ్ళంటే భయం. చంకలో కోడిని పెట్టుకున్న ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "కిందికి చూడకండి అమ్మా, నా కోడిని చూడండి," అంది. అలాగే చూశాను. ట్రాక్టరు ఒకచోట ఒరిగితే ట్రక్కులో అందరూ ఒక్కసారే "ఆయ్! ఆయ్!" అని అరిచి, సర్దుకున్నాక నవ్వారు. గూడెంలో బస్సు పావుగంట ఆలస్యమైతే డ్రైవరుతో తగువు పెట్టుకుంటాం. ఇక్కడ రోడ్డే మునిగిపోతే, ఏ రాయి ఎడమన గుంట ఉందో డ్రైవరుకి తలో మాట చెబుతూ కూర్చున్నారు.

చెరువు గట్టు

అంతకు రెండేళ్ళ ముందు కొల్లేటి పక్షుల అభయారణ్యం లోపలి చెరువులన్నీ సర్కారు కొట్టేసినప్పుడు హద్దుకి బయట ఉన్నాయి కాబట్టి మిగిలినవి సాంబయ్యవి రెండు చెరువులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నేను వెళ్ళేసరికి బయటి నీళ్ళు గట్టుకి జానెడు కిందకి వచ్చేశాయి. గట్టు చుట్టూ వెదురు కర్రలు పాతి వల కడుతున్నారు. నీళ్ళు గట్టెక్కినా చేప పోకుండా అది ఆపుతుంది. చీర మోకాళ్ళ పైకి దోపి, నోట్లో తాడు కరుచుకుని, నడుం లోతు నీళ్ళలో కర్ర పట్టుకుని ఉంది నాగరత్నం. ఆమె ప్రయాణం సంచి గట్టు మీద ప్లాస్టిక్ పట్టాలో చుట్టి ఉంది.

"వచ్చావా," అంది నన్ను చూసి, నోట్లో తాడు తీసి. "ఒక్క గంట సుగుణా. ఈ మూల కట్టేసి వచ్చేస్తాను."

"రెండున్నరకి విమానం! ఇప్పుడే పదకొండున్నర!"

"తెలుసు. కూర్చో."

కూర్చోలేకపోయాను. గట్టు మీద అటూ ఇటూ తిరిగాను. అరగంట చూశాను. గంటలో కాదు, మూడు గంటల్లో కూడా తెమిలే పని కాదు అది. ఎవరికీ చెప్పకుండా చేతిసంచి తీసుకుని రోడ్డు దాకా నడిచి, తిరిగి వెళ్ళే ట్రాక్టరు ఎక్కి కూర్చున్నాను. నేనొక్కదాన్నే వెళ్ళిపోదామనే. నా టికెట్టు, నా సెలవు, నా విమానం. మొగుడి చెరువులు మునుగుతుంటే ఆమె ఎలాగూ రాదు, ఇద్దరం మానుకోవడం ఎందుకు అని మనసుకి సర్దిచెప్పుకున్నాను. ట్రక్కు నిండితే గానీ కదలనన్నాడు డ్రైవరు. ఆ పది నిమిషాలు అక్కడ కూర్చుంటే గట్టు మీద మనుషులు చిన్నగా కనిపిస్తున్నారు. అందులో నాగరత్నం ఎవరో పోల్చుకోగలిగాను. ఒంటరిగా కర్ర ఎత్తి, పట్టుకునేవాళ్ళు లేక మళ్ళీ దింపింది. దిగిపోయాను. ట్రాక్టరు వెంటనే కదిలి ఉంటే వెళ్ళిపోయి ఉండేదాన్నే. ఈ మాట నాగరత్నానికి నేనింతవరకూ చెప్పలేదు.

చెప్పులు విడిచి గట్టు అంచున కూర్చుని ఆమె కర్రలు పట్టుకున్నాను. ఆమె నీళ్ళలోంచి తాడు చుట్టి ముడి వేస్తుంది, నేను కర్ర కదలకుండా అదిమి పట్టాలి. లెక్కల టీచరు చేసే పని ఏముంది అందులో! రెండు గోళ్ళు విరిగాయి. రెండున్నర దాటేటప్పుడు నేను గడియారం చూశాను. నాగరత్నం నన్ను చూసింది. ఇంకో తాడు అందుకుంది.

వల ముగిసేసరికి మూడు దాటింది. వాన సన్నబడింది. సాంబయ్య తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు.

"టీచరుగారూ, విమానం పోయినట్టేనాండీ?"

"పోయిందండి."

"రైలుంది కదండీ?"

నాగరత్నం విసురుగా, "ఇప్పుడు రైలేంటి? గట్టు ఇలా ఉంటే నేనెక్కడికి వస్తాను?" అంది.

"నువ్వుంటే నీళ్ళు దిగుతాయా?" అన్నాడు ఆయన నెమ్మదిగా. "కట్టాల్సింది కట్టేశాం. ఇంక చూస్తా కూర్చోడమే. నేను చూస్తాను, నువ్వెళ్ళు. వచ్చే ఏడనే మాట నేనింక అననే."

ఆమె సంచి ఆయనే నెత్తిన పెట్టుకుని ట్రాక్టరు దాకా వచ్చాడు. ట్రక్కులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. కనిపించినంత సేపూ ఆమె గట్టు వైపే చూసింది.

ఏలూరు స్టేషను, తర్వాత రైలు

యేసుపాదం కారులో నిద్రపోతున్నాడు. లేపితే, "గన్నవరమేనాండీ?" అన్నాడు పాపం. స్టేషనుకి తీసుకెళ్ళాడు. వానలకి కేరళ రైలు మూడు గంటలు ఆలస్యంగా నడుస్తోందట. అది మాకోసమే ఆలస్యమైందని నాగరత్నం నమ్మకం. జనరల్ టికెట్లు తీసి ఎక్కేశాం. విజయవాడ దాటాక, వానలకి చాలామంది ప్రయాణాలు మానుకున్నారని టీటీ రెండు బెర్తులు ఇచ్చాడు.

మా ఎదురు సీటులో ఉన్న సిస్టర్ లిసీ మలయాళీ. నర్సుగా పద్దెనిమిదేళ్ళు మన గోదావరి జిల్లాల్లో చేసిందట. తెల్లవారి ఆమె నోరు విప్పి, "ఏవండీ, టీ తాగుతారాండీ?" అనేసరికి ఇద్దరం ఉలిక్కిపడ్డాం. మన దీర్ఘాలన్నీ ఉన్నాయి, మాటకి చివర మాత్రం వాళ్ళ మలయాళపు ఊయల. నాగరత్నం సంచిలోంచి రొయ్యల పచ్చడి తీసింది, ఆమె డబ్బాలోంచి చేపల కూర తీసింది. చింతపండు కాదు, నల్లటి ఎండు పులుపు ఒకటి వేస్తారట దాంట్లో. నాగరత్నం వేలితో నాకి, కళ్ళు మూసుకుని, "మా చెరువు శీలావతి చేపకి సరిపోదు. సముద్రం చేపకైతే బాగుంటుంది," అని తీర్పు చెప్పింది. సిస్టర్ నవ్వలేదు. నిజమేనంది.

రాత్రంతా నత్తనడకన వచ్చిన రైలు గూడూరు అవతల ఆగిపోయింది. ఎక్కడో లైను మీద నీళ్ళట. గంటయింది, మూడు గంటలయింది. ఎర్ర గీత ఉన్న కాగితం తీసి మళ్ళీ చదివాను. బుధవారం సాయంత్రానికి చేరవలసిన రైలు ఇప్పుడెప్పుడు చేరుతుంది? పెట్టె ఈ కొస నుంచి ఆ కొసకి నడిచాను. గుమ్మంలో నిలబడి పట్టాల వైపు చూశాను. కనిపించిన రైల్వే మనిషినల్లా అడిగాను. ఒకాయన తమిళంలో ఏదో అని చేతులు తిప్పాడు.

"కూర్చోండమ్మా, మీరు నడిస్తే రైలు నడవదు," అంది సిస్టర్ లిసీ.

నాగరత్నం మాత్రం కిటికీ దగ్గరే ఉంది, బయట పొలాల్లో నీళ్ళు చూస్తూ. ఒకసారి నా ఫోను అడిగి సాంబయ్యకి చేసింది. కలవలేదు. తిరిగిచ్చి, "ఎంత ఎత్తుకొచ్చాయో," అంది, నాతో కాదు.

ఐదు గంటల తర్వాత రైలు కదిలింది. ఆ ఒకరోజు ముందు టికెట్టు తీసుకోకపోయి ఉంటే మా కథ అక్కడే అయిపోయేది. రైల్లో గడిపినంత సేపూ నా పిరికితనానికి నేనే దణ్ణం పెట్టుకున్నాను.

విల్లింగ్డన్ ఐలాండ్

గురువారం ఏడున్నరకి ఎర్నాకుళంలో దిగాం. సిస్టర్ లిసీ స్టేషను బయట ఆటోవాడితో మలయాళంలో గట్టిగా మాట్లాడి, రేవు ఉన్న విల్లింగ్డన్ ఐలాండుకి అరవై రూపాయలకి కుదిర్చింది, మేమైతే నూట ఇరవై ఇచ్చేవాళ్ళం. వెళ్ళిపోయేటప్పుడు నాగరత్నం మిగిలిన రొయ్యల పచ్చడి సీసా ఆమె చేతిలో పెట్టేసింది.

రేవు గేటు తొమ్మిదింటికి తెరుస్తారన్నారు. ఎదురుగా చిన్న హోటల్లో పుట్టు, శనగల కూర తిన్నాం. బియ్యప్పిండిని గొట్టంలో ఆవిరికి ఉడికిస్తారు. ఇద్దరికీ కలిపి ముప్ఫై ఆరు రూపాయలు. అరటిపండు పిసికి కలుపుకుంటున్న పక్క బల్ల ఆయన, అలాగే తినమని మాకు సైగ చేశాడు. తిన్నాం, బాగుంది. షెడ్ల సందులోంచి తెల్లగా ఓడ పక్కభాగం కనిపించింది. మూడు రోజుల తర్వాత నాకు ఊపిరి సరిగ్గా ఆడింది.

అప్పుడే ఫోను మోగింది. సాంబయ్య. పక్కకి వచ్చి మాట్లాడాను.

"రాత్రి చిన్న చెరువు గట్టు తెగిందండి, టీచరుగారూ. వల కూడా కొట్టుకుపోయింది. పెద్దది నిలిచింది. ఆవిడకి చెప్పకండి. చెబితే తిరిగొచ్చేస్తుంది."

సరేనండి అని పెట్టేశాను. హోటలు గోడ పక్కన నిలబడ్డాను. చెప్పకపోతే రెండు గంటల్లో ఓడెక్కుతాం. ఓడ కదిలాక ఫోన్లు పనిచెయ్యవు, ఐదు రోజులు ఏమీ తెలియదు. అదే మంచిదనిపించింది. ఎంత మంచిదనిపించిందంటే, నాకే అనుమానం వచ్చింది. ఇది ఆమె కోసమా, నా ఓడ కోసమా? వెనక్కి వెళ్ళాలనుకుంటే వెళ్ళగలిగేది ఈ రెండు గంటల్లోనే. ఆ రెండు గంటలూ దాచేసే హక్కు నాకు లేదనిపించింది.

వెళ్ళి చెప్పాను. సాంబయ్య చెప్పొద్దన్న మాట కూడా చెప్పాను.

నాగరత్నం గ్లాసు కింద పెట్టింది. "ఫోను పట్టుకుని గోడ దాకా పోయినప్పుడే అనుకున్నాను. చిన్నదేనా?"

"చిన్నదే. పెద్దది నిలిచిందంట."

కాసేపు బల్ల మీద నీటిచుక్కని వేలితో అటూ ఇటూ లాగింది. తర్వాత ఫోను అడిగింది.

"ఏవయ్యా, నాకు చెప్పొద్దన్నావంట?... సరేలే. ఎంత పోయింది?... ఎటు మూల?... అటు నేనే కట్టాను. ఆ మట్టి ఎప్పుడూ మెత్తనే... ఊరుకో, నువ్వేం చేస్తావు. ఇదిగో విను. పెద్దదాన్ని నమ్ముకుని కూర్చోకు. ఐసు లారీకి ఇప్పుడే ఫోన్ చెయ్యి. రేపే చేప పట్టించెయ్యి, ధర తక్కువైనా సరే... నేనా? నేనొచ్చేసరికి నీళ్ళు తగ్గుతాయి. అప్పుడు గట్టు వేసుకుందాం... అన్నం తిన్నావా?"

అవతల ఆయన ఏం చెప్పాడో, చాలాసేపు వింది. "ఊఁ," అంది చివరికి. ఫోను నా చేతిలో పెట్టింది.

"వెనక్కి వెళ్దామా?" అని అడిగాను. నిజంగానే అడిగాను. అప్పటికి ఆ మాట నోట్లోంచి తేలిగ్గానే వచ్చింది.

"వెళ్ళి ఏం చేస్తాం, ఎల్లుండికి చేరతాం. అప్పటికి లారీ వెళ్ళిపోతుంది." లేచి సంచి భుజాన వేసుకుంది. "నాకు ఏడుపొస్తే మాత్రం నువ్వు నోరు మూసుకుని కూర్చో. బుజ్జగించకు."

"అలాగే," అన్నాను.

పది గంటలకి కాగితాలు చూశారు, సంచులు చూశారు, ఓడ మెట్ల దగ్గరికి పంపారు. అలల మీద మెట్లు ఊగుతున్నాయి. నాగరత్నం గట్టు ఎక్కినట్టు ఎక్కేసింది. నేను రెండు చేతులతో తాడు పట్టుకుని, కళ్ళు సగం మూసుకుని ఎక్కాను. మా గదిలో ఒకదాని మీద ఒకటి రెండు బెర్తులు, గుండ్రటి కిటికీ. కింది బెర్తు మీద కూర్చుని ఆమె కొంగుతో మొహం కప్పుకుంది. ఏడ్చింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను.

కాసేపటికి కొంగు కింద ఊపిరి మారింది. నాలుగు రాత్రులుగా నిద్ర లేని మనిషి, కాళ్ళు కిందికి వేలాడుతుండగానే నిద్రపోయింది. ఆ కాళ్ళు ఎత్తి బెర్తు మీద పెట్టాను. పాదాల పగుళ్ళలో ఇంకా చెరువు మట్టి ఉంది.

ఓడ కూత వేసింది. వరండాలో జనం పరుగెత్తుతున్నారు, పైకెళ్ళి రేవు వెనక్కి జరగడం చూడ్డానికి. గోడలు సన్నగా వణికాయి. నా కాళ్ళు అలవాటుగా లేవబోయాయి. మళ్ళీ కూర్చున్నాను. ఆమె లేచేసరికి కొచ్చి కనిపించడం మానేసి చాలాసేపయింది. కిటికీ నిండా నీళ్ళే.

"చేరిపోయామా?" అంది.

"లేదు, బయలుదేరాం," అన్నాను.